లాటిన్ ఉపసర్గలకు ఎస్‌సీఏ² పనికొస్తుందా?

లాటిన్ నుంచి సొంతంగా ఒక రొమాన్స్ భాష (స్పానిష్, ఫ్రెంచ్‌లలాగా లాటిన్ నుంచి పుట్టేది) అల్లుకునేవాళ్లకు మార్క్ రోజెన్‌ఫెల్డర్ చేసిన ఎస్‌సీఏ² (సౌండ్ చేంజ్ అప్లయర్) అనే పనిముట్టు చాలా ఉపయోగం. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఒక పెట్టెలో ధ్వని మార్పుల సూత్రాలు, ఇంకో పెట్టెలో లాటిన్ మాటలు ఇస్తే, సూత్రాలను పైనుంచి కిందికి వరసగా వర్తింపజేస్తుంది. నమూనాగా పోర్చుగీసు సూత్రాలు అందులోనే ఉన్నాయి: ఫోకుస్ ఫోగో అవుతుంది, లెక్తోర్ లేయితోర్ అవుతుంది. అది చూస్తే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది.

నాకు కావలసింది మాత్రం ఉపసర్గల సంగతి. అచ్చుల మధ్య ‘ప’ను ‘బ’ చేయమంటే రీపా చక్కగా రీబా అయింది. అదే సూత్రం రెపౌసారేలోని ‘ప’నూ మార్చేసింది. అసలు స్పానిష్‌లో అది రెపొసార్, ఫ్రెంచ్‌లో రపోజే. ‘ప’ అలాగే ఉంది. ‘రె’ వేరు, ‘పౌసారే’ వేరు అని మాట్లాడేవాళ్లకు తెలుస్తూనే ఉంది కాబట్టి, వాళ్లకది మాట మొదట్లోని ‘ప’ కిందే లెక్క. రెకిపెరే ఇంకా ముచ్చటైనది. ఫ్రెంచ్‌లో రసవ్వార్ అయ్యేటప్పుడు లోపలి ‘ప’ ‘వ’గా మారింది, ‘రె’ పక్కనున్న ‘క’ మాత్రం లాటిన్ మాట వీకీనుస్‌లోని ‘క’ లాగా ‘జ’ దాకా పోకుండా ‘స’ దగ్గర ఆగింది. ఒక్క మాటలోనే రెండు న్యాయాలు!

అందుకే ‘రె-పౌసారే’ అని గీత పెట్టి ఇవ్వండి. గీత అచ్చు కాదు కాబట్టి సూత్రం దాని జోలికి పోదు. సంధి కూడా ఈ గీత దగ్గరే రాసుకోవచ్చు: ‘న్’ తర్వాత గీత, ‘ల’ వస్తే ‘ల్ల’. ఇన్, లెగితిముస్ కలిసి ఇల్లెగితిముస్ అవుతుంది, మన ఉల్లాసం (ఉత్ + లాసం) లాగే.

లాటిన్ నిఘంటువు రూపాన్ని మాత్రం గుడ్డిగా ఎక్కించకండి. అందులో దిస్ప్లికేరే అని ఉంటుంది. ఇటాలియన్ దిస్పియాచేరే మాత్రం ప్లకేరేలోని ‘అ’ను తిరిగి తెచ్చుకుంది, కాబట్టి ‘దిస్-ప్లకేరే’ అని ఇవ్వాలి. ఏ మాటను జనం విడదీసి చూశారో మనమే తేల్చాలి, ఏ పనిముట్టూ ఆ పని చేయదు. నేనైతే ఆ తేల్చడమే ఈ పనిలో అసలు రుచి అంటాను.

గీతను తీసేసే సూత్రం అన్నిటికన్నా అడుగున ఉండాలి. పైన పెడితే రెపౌసారే మళ్లీ ‘బ’లోకి జారుతుంది.