ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కాన్యన్ దాకా ట్రైలర్‌తో: ట్రాన్స్‌మిషన్ వేడి చూసుకుంటూ చేసిన మజిలీలు

ఫీనిక్స్ సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తులో ఉంది. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) దాదాపు 7,000 అడుగులు. ఈ రెండింటి మధ్య దారి ఒకే ఎత్తుగా సాగదు. బ్లాక్ కాన్యన్ సిటీ దాటాక గట్టిగా ఎక్కుతుంది, తర్వాత వెర్డే లోయలోకి దిగుతుంది, క్యాంప్ వెర్డే నుంచి ఫ్లాగ్‌స్టాఫ్ వైపు మళ్ళీ వేల అడుగులు పైకి లాగుతుంది. మామూలు కారులో నాలుగు గంటల ప్రయాణమే. వెనకాల ట్రైలర్ ఉంటే మాత్రం ఎక్కడ ఆగాలి, ఎక్కడ పడుకోవాలి, ఎన్నింటికి బయల్దేరాలి అన్నవన్నీ ట్రాన్స్‌మిషన్ (గేర్ల పెట్టె) ఆయిల్ ఎంత వేడెక్కుతుందన్న దాని మీదే ఆధారపడతాయి. మా మజిలీలు మేం ఎంచుకున్నది కూడా అలాగే.

మా బండి సబర్బన్, పెద్ద ఎస్‌యూవీ. 5.3 లీటర్ల వీ8 ఇంజన్, ఆరు గేర్ల ఆటోమేటిక్. వెనక 24 అడుగుల అద్దె ట్రావెల్ ట్రైలర్, అంటే బండి వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. బండిలో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మా నాన్నా. నాన్న ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన పక్క సీట్లో కూర్చుంటే డాష్‌బోర్డు మీద ఇంకో జత కళ్ళు ఉన్నట్టే.

బయల్దేరే ముందు ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద తూకం వేయించాం. తక్కువ ఖర్చు, పది నిమిషాల పని. ట్రైలర్ ఎంత లాగగలరో కంపెనీ చెప్పే అంకెలు మా బండికి పెద్దవే, కానీ ఆరుగురు మనుషులు ఎక్కితే ముందు అయిపోయేది ఆ అంకె కాదు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉండే పేలోడ్, అంటే బండి తన మీద మోయగల బరువు. మాకది 1,560 పౌండ్లు. ట్రైలర్ ముక్కు హిచ్ (బండికి తగిలించే కొక్కెం) మీద మోపే బరువు 650, మనుషులు 800 చిల్లర. ఇంక సామానుకు మిగిలింది ఎంత? అందుకే ట్రైలర్ నీళ్ళ ట్యాంకు ఖాళీగా ఉంచాం. గాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు. నలభై గాలన్లంటే 330 పౌండ్లు ఊరికే కొండెక్కించినట్టు. దిగే చోట కుళాయి ఉందా లేదా అన్నది మా మొదటి ప్రశ్న అయ్యింది ఇందుకే.

ఇక ఆయిల్ సర్వీసు. ఊళ్ళో రెండు చోట్ల అడిగాం. ఒక పెద్ద షాపు వాళ్ళు బండి చూడకుండానే మెషిన్‌తో ఫ్లష్ చేస్తామన్నారు (పాత ఆయిల్ తోసేసి కొత్తది ఎక్కించడం), పాత ఆయిల్ ఎలా ఉందని అడిగితే జవాబు లేదు. రెండోది ట్రాన్స్‌మిషన్లు మాత్రమే చూసే చిన్న షాపు. ఆ పెద్దాయన కింద పాన్ విప్పి, ఆయిల్ రంగు మాకు చూపించి, వాసన చూడమని, పాన్ అడుగున అయస్కాంతానికి అంటిన పొడి ఎంతుందో కూడా చూపించారు. ఆయిల్ ఎర్రగా ఉంటే మంచిది, గోధుమరంగులోకి తిరిగి మాడు వాసన వస్తే వేడికి దెబ్బతిన్నట్టు. ఫిల్టరు మార్చి, డెక్స్‌రాన్ సిక్స్ ఆయిల్ పోసి, రేడియేటర్ ముందు ఆ ఆయిల్‌ని చల్లబరిచే పెద్ద ప్లేట్ కూలర్ బిగించారు. డబ్బులు కొంచెం ఎక్కువే అయ్యాయి. ట్రైలర్ లాగేవాళ్ళకి మాత్రం ఈ రకం షాపునే చెప్తాను.

వేడి ఎందుకు పుడుతుందో తెలిస్తే మిగతా అంతా తేలిక. ఇంజన్‌కీ గేర్లకీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ ద్వారానే బలం చేరుతుంది. రెండు వైపులా తిరిగే వేగాల్లో తేడా ఉన్నంతసేపూ ఆయిల్ చిలకబడి వేడెక్కుతుంది. వేగం అందుకున్నాక లోపలి క్లచ్ లాక్ అవుతుంది, అప్పుడు ఆ జారుడు దాదాపు పోతుంది. అంటే వేడికి అసలు కారణం కొండ ఒక్కటే కాదు, తక్కువ వేగంలో, లాక్ పడకుండా, గాలి తగలకుండా బరువు లాగడం. ఆయిల్ 175 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే నిశ్చింత. 220 వరకూ కొంతసేపు పర్వాలేదు. 240 దగ్గర నేను ఆగిపోతాను. వార్నింగ్ లైట్ వెలిగే దాకా చూడ్డం మంచిది కాదు, అప్పటికే ఆయిల్ చాలా వేడి తిని ఉంటుంది.

తెల్లవారుజామున ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో బయల్దేరాం. వేసవిలో ఐ-17 హైవే మీద పగలు పది దాటితే గాలి కూడా కూలర్‌కి సాయం చెయ్యదు. బ్లాక్ కాన్యన్ సిటీ దగ్గర ఆయిల్ వేడి చూపే మీటర్ 191. టో-హాల్ (బరువు లాగేటప్పుడు గేర్లు మారే తీరు మార్చే) బటన్ నొక్కి, గేర్ మాన్యువల్‌లో నాలుగుకి పెట్టాను. నాన్న అప్పటిదాకా మాట్లాడలేదు.

"ఒరేయ్, ఈ ఘాట్ పైదాకా అదే గేరులో పట్టు. మధ్యలో మారుస్తూ పోతే హీటెక్కిపోద్ది."

ఆయన అనుభవం మారేడుమిల్లి ఘాట్‌లో బస్సులది. ఆటోమేటిక్‌కీ అదే వర్తిస్తుంది. పెద్ద గేరులో ఉంచితే గేర్లు పైకీ కిందికీ తడుముకుంటాయి, ప్రతిసారీ లాక్ ఊడుతుంది, ఆయిల్ చిలకబడుతుంది. ఇంజన్ అరుస్తోందని భయపడి గేరు పెంచేవాళ్ళే ఎక్కువ వేడి తెచ్చుకుంటారు. యాక్సిలరేటర్ మీద పాదం కదలకుండా, కుడి లేన్‌లో గంటకి 50 మైళ్ళ దగ్గర ఎక్కాం. సన్‌సెట్ పాయింట్ రెస్ట్ ఏరియాకి చేరేసరికి 213.

అక్కడ ఆగాలి, తప్పకుండా. ఎదురుగా బ్రాడ్‌షా కొండలు, పెద్ద బళ్ళకి చోటు, టాయిలెట్లు. ఆగగానే ఇంజన్ ఆపకూడదు. పార్క్‌లో పెట్టి రెండు మూడు నిమిషాలు నడవనిస్తే పంపు ఆయిల్‌ని కూలర్‌లోకి తిప్పుతూ ఉంటుంది, అంకె కళ్ళముందే దిగుతుంది. అమ్మ పులిహోర డబ్బా తెరిచేసరికి 196కి వచ్చింది.

రాత్రికి కాటన్‌వుడ్‌లోని డెడ్ హార్స్ రాంచ్ స్టేట్ పార్క్. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చిన మజిలీ ఇదే. వెర్డే నది ఒడ్డున, సుమారు 3,300 అడుగుల ఎత్తులో ఉంది. కరెంటు, నీళ్ళు రెండూ ఉన్నాయి, పార్కు లోపల రోడ్లు సాఫీగా ఉన్నాయి. రెండు ఘాట్ల మధ్య లోయలో ఉండటం వల్ల ఒక ఎత్తు సాయంత్రానికి అయిపోతుంది, రెండోది మర్నాడు పొద్దున చల్లగా మొదలుపెట్టొచ్చు. ట్రైలర్ ఇక్కడ వదిలేసి ఒట్టి బండితో సెడోనా వెళ్ళొచ్చాం. ఓక్ క్రీక్ కాన్యన్ మీదుగా ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్ళే 89ఏ అందమైన రోడ్డే కానీ పైకి వెళ్ళేకొద్దీ హెయిర్‌పిన్ మలుపులు. ట్రైలర్‌తో అటు వద్దు. పిల్లలకి చెరువుల దగ్గర బాతులు చాలు. ఒక్క మాట: 30 ఆంపుల కనెక్షన్ తీసుకుంటే ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి పెట్టకండి, బ్రేకర్ పడిపోతుంది.

మర్నాటి ఎత్తు మొదటిదానికన్నా పొడవు. క్యాంప్ వెర్డే దాటాక ఆరు శాతం దాకా గ్రేడ్ (వాలు), మైళ్ళకొద్దీ. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడి టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు మూడు శాతం బలం కోల్పోతుంది. 7,000 అడుగుల దగ్గర అయిదో వంతు పోయినట్టే. అయినా మీటర్ 218 దాటలేదు, ఎందుకంటే ఒక్క చోట తప్ప బండి 45కి తగ్గలేదు, లాక్ ఊడలేదు. ఆ ఒక్క చోట ఒక లారీ వెనక 25లో పాకాల్సి వచ్చింది. ఆ కాసేపట్లోనే ఏడు డిగ్రీలు పెరిగింది. కొండకన్నా నెమ్మది ప్రయాణమే బరువని నాన్నకి కూడా ఆశ్చర్యం.

విలియమ్స్‌లో ఒక ఆర్వీ పార్క్‌లో (ఇలాంటి ట్రైలర్లు ఆపుకునే చోటు) ఒక రాత్రి. ఊరు బాగుంటుంది. 1984లో ఐ-40 పక్కనుంచి పోయేదాకా పాత రూట్ 66 ఇక్కడి నడివీధిలోంచే వెళ్ళేది, గ్రాండ్ కాన్యన్ రైల్వే ఇక్కడినుంచే బయల్దేరుతుంది. మేం దిగిన పార్క్ మాత్రం సిఫారసు చెయ్యను. ఆన్‌లైన్‌లో పుల్-త్రూ (రివర్స్ అక్కర్లేకుండా నేరుగా వెళ్ళి నేరుగా వచ్చే) సైట్ అని రాసి, తీరా వెళ్ళాక ఏటవాలు కంకర మీద రివర్స్ చేసుకుని పెట్టాల్సిన సైట్ ఇచ్చారు. ముందుకీ వెనక్కీ, ఎగువకి, అయిదు మైళ్ళ వేగం కూడా లేకుండా పావుగంట. ప్రయాణం మొత్తంలో అతి పెద్ద అంకె అక్కడే వచ్చింది: 236. ఘాట్ల మీద రానిది క్యాంపు స్థలంలో వచ్చింది. నడుమ ఆపి, పార్క్‌లో పెట్టి, కొంచెం రేజ్ చేసి చల్లార్చి మళ్ళీ మొదలుపెట్టాం. బుక్ చేసేముందు ఫోన్ చేసి, సైట్ నంబరు అడిగి, నేల చదునుగా ఉందా, నేరుగా లోపలికి పోయి నేరుగా బయటికి రావచ్చా అని కనుక్కోవాలని చెప్పేది ఇందుకే.

విలియమ్స్ నుంచి ఉత్తరానికి 64వ నంబరు రోడ్డు సుమారు అరవై మైళ్ళు. ఎత్తుపల్లాలు తక్కువ, గాలి మాత్రం అడ్డంగా కొడుతుంది. 60 దాటకుండా పోతే ట్రైలర్ నిలకడగా ఉంటుంది, ఆయిల్ కూడా చల్లగా ఉంటుంది. మా మీటర్ 194 దగ్గరే ఉంది. పెట్రోలు టుసాయన్‌లో నింపుకోండి, రిమ్ దగ్గరి గ్రామంలో బంకు లేదు.

సౌత్ రిమ్‌లో ట్రైలర్ విలేజ్ ఖరీదే. కానీ పార్కు లోపల కరెంటు, నీళ్ళు, డ్రెయిన్ మూడూ ఉన్నది అదొక్కటే. సైట్లు పుల్-త్రూ. పెట్టాక బండి మళ్ళీ తీయనక్కర్లేదు, ఉచిత షటిల్ బస్సులు అక్కడికే వస్తాయి, అమ్మా నాన్నా వాటిలోనే హాయిగా తిరిగారు. పొద్దున్నే ఎల్క్ జింకలు ట్రైలర్ల మధ్య మేస్తుంటాయి. స్నానాలకి మాత్రం పక్కనున్న మేథర్ క్యాంప్‌గ్రౌండ్ వైపు వెళ్ళాలి. మేథర్ చౌక, చెట్ల నీడ, ప్రశాంతం. కానీ హుకప్‌లు (కరెంటు, నీళ్ళు, డ్రెయిన్ కనెక్షన్లు) లేవు, 30 అడుగులకి మించిన బళ్ళకి చోటు లేదు. చిన్న పాప్-అప్ (మడత ట్రైలర్) ఉన్నవాళ్ళకి నేను మేథర్‌నే చెప్తాను.

తిరుగు దారిలో ఆరు శాతం దిగుడు మీద టో-హాల్ దానంతటదే గేరు తగ్గించి పట్టి ఉంచింది, బ్రేకులు వేడెక్కలేదు, ఆయిల్ 190ల్లోనే ఉంది. మళ్ళీ వెళ్తే విలియమ్స్ రాత్రి తీసేసి కాటన్‌వుడ్‌లో రెండు రాత్రులు ఉంటాం. అక్కడినుంచి తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికల్లా ట్రైలర్ విలేజ్‌లో ఉండొచ్చు.