రాణిగంజ్ రాచెట్ బెల్టులు, చక్రం స్టాండు: ట్రైలర్ మీద యెజ్డీ తెచ్చాక నా అభిప్రాయం

పాత బండ్లు ఊళ్లలో వెతికి తెచ్చి బాగుచేసుకునే పిచ్చి ఉన్నవాళ్లు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు. బండి దొరకడం ఒక ఎత్తు, దాన్ని గీత పడకుండా ఇంటికి చేర్చడం ఇంకో ఎత్తు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న నాలుగు రాచెట్ బెల్టుల (పిడి ఆడిస్తూ పళ్ల చక్రంతో బిగించేవి) సెట్టు, వాటితో వచ్చిన మెత్తటి గుడ్డ లూపులు, విడిగా తీసుకున్న ముందు చక్రం స్టాండు గురించి రాస్తున్నాను. సెట్టు రూ.1,800, స్టాండు రూ.2,600 పడ్డాయి. ట్రైలర్ నాది కాదు, మల్కాజిగిరిలో మా వీధి స్నేహితుడిది. లాగింది అతని బొలెరోనే.

రాణిగంజ్‌లో ఏ షాపుకెళ్లినా ముందు అడిగేది "ఎన్ని టన్నుల బెల్టు?" అని. ఆ టన్నుల అంకె విని సంతోషపడి కొనేయకండి. ఆ అంకె చాలాసార్లు బెల్టు తెగిపోయే బరువు. మనకు కావలసింది అది రోజూ భద్రంగా మోయగల బరువు. నేను తీసుకున్న వాటి మీద కుట్టిన లేబుల్‌పై తెగే బరువు 1,500 కిలోలు, పని బరువు 500 కిలోలు అని రెండూ విడివిడిగా ఉన్నాయి. పని బరువు తెగే బరువులో మూడో వంతు ఉంటే నాకు నమ్మకం. లేబుల్ లేని బెల్టులు సగం ధరకే చూపించారు, చేత్తో కూడా పట్టుకోలేదు. షాపులో పెద్దాయన మాత్రం ఓపిగ్గా నాలుగు రకాలు విప్పి చూపించి, "బైక్‌కైతే ఇది చాలు సార్, రెండంగుళాలది లారీ సరుక్కి" అన్నారు. ఆయన మాట నిజం. ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్ల బెల్టు బైక్ సందుల్లోంచి సులువుగా దూరుతుంది, చేతికి పట్టు కూడా దొరుకుతుంది.

బైక్ బరువు రెండు వందల కిలోల లోపే కదా, ఇంత గట్టి బెల్టులెందుకు అని అడగవచ్చు. నిలబడి ఉన్న బండి బరువుతో మనకు పని లేదు, బ్రేకు పడినప్పుడు అది ముందుకు తోసే తోపుడుతోనే పని. సరుకు కట్టడానికి యూరప్‌లో పాటించే లెక్క ప్రకారం బరువులో 80 శాతం తోపుడును ముందువైపు, 50 శాతం తోపుడును పక్కలకు, వెనక్కు ఆపగలిగేలా కట్టాలి. 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే ముందుకే 156 కిలోలు. దాన్ని నాలుగు బెల్టులు ఏటవాలుగా పట్టుకుంటాయి. ఏటవాలుగా లాగే బెల్టు మీద తోపుడుకు ఎదురుగా నేరుగా లాగే దానికంటే ఎక్కువ భారం పడుతుంది. పైగా గుంతల్లో వచ్చే కుదుపులు వేరు.

ఇక బెల్టుల సంగతి. గుడ్డ పాలియెస్టర్‌ది. ఇది ముఖ్యం, ఎందుకంటే నైలాన్ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. చినుకులు పడ్డాక వదులైన తాడును దారిలో బిగించుకుంటూ కూర్చోవడం ఎంత టెన్షనో పడ్డవాళ్లకు తెలుసు. కుట్టు దట్టంగా ఉంది, ఎక్కడా దారం లేచి లేదు. హుక్కులకు నోరు మూసే స్ప్రింగు నాలుక ఉంది. నేను ఈ సెట్టు ఎంచుకోవడానికి అసలు కారణం అదే. బండి గుంతలో పడినప్పుడు దాని షాక్‌లు ఒక్క క్షణం ఇంకా కిందికి నొక్కుకుంటాయి, ఆ క్షణం బెల్టు వదులవుతుంది. నాలుక లేని ఎస్ ఆకారపు హుక్కు అప్పుడే రింగులోంచి జారిపోతుంది. ఒక్కటి జారితే మిగతా మూడూ కలిసి బండిని అవతలి పక్కకు లాగి పడేస్తాయి.

మెత్తటి లూపుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఇనుప హుక్కును నేరుగా బండికి తగిలిస్తే క్రోమ్ పోతుంది, పెయింట్ పోతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే, లోపల స్ప్రింగులున్న రెండు గొట్టాలే ఫోర్క్‌లు; లూపును వాటిని కలిపి పట్టుకునే కింది క్లాంప్ చుట్టూ తిప్పి, హుక్కును ఆ లూపుకు వేయాలి. చాలామంది హ్యాండిల్‌కు కడతారు. పాత బండి హ్యాండిల్ తేలిగ్గా వంగుతుంది, బిగించిన చోటి నుంచి తిరిగిపోతుంది, కేబుళ్లు నలుగుతాయి. లెగ్ గార్డు కూడా వద్దు, దాని బిగింపు అంత బలం కోసం చేసింది కాదు. ఈ సెట్టులో లూపులు నాలుగు వచ్చాయి, వెనక్కి కూడా సరిపోయాయి. వెనక బెల్టులను షాక్ పై బిగింపు దగ్గర ఫ్రేముకు వేశాను, సైలెన్సర్‌కు తగలకుండా.

సూర్యాపేట నుంచి మా బావ యెజ్డీ రోడ్‌కింగ్‌ను తెచ్చేటప్పుడు వీటికి అసలు పరీక్ష జరిగింది. మైసూరు ఐడియల్ జావా కంపెనీ బండ్లంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. బండిని ట్రైలర్ ఎక్కించి ముందు చక్రాన్ని స్టాండులోకి తోశాం. ఈ స్టాండు గురించి చెప్పుకోదగ్గది ఒక్కటే: చక్రం లోపలికి వెళ్లగానే ఊయలలాంటి ముక్క వెనక్కి వాలి టైరును రెండు వైపులా పట్టుకుంటుంది, ఒక మనిషి ఉన్నా బండి నిలబడుతుంది. నేను సైడు స్టాండు పైకి తీసేస్తుంటే బావ కంగారుపడ్డాడు.

"స్టాండు తీస్తే పడిపోదా బామ్మర్దీ?"

"పడదు బావా. స్టాండు మీద వదిలితేనే కుదుపులన్నీ దాని మీదే పడి, స్టాండన్నా వంగుతుంది, ఫ్రేమన్నా విరుగుతుంది. బండి రెండు చక్రాల మీద నిటారుగా నిలబడాలి, మిగతాది బెల్టులు చూసుకుంటాయి."

ముందు బెల్టులు రెండూ ముందుకు, పక్కలకు ఏటవాలుగా వెళ్లాలి. రాచెట్ వేసే ముందే బెల్టును చేత్తో లాగి వదులంతా తీసేయాలి. లేకపోతే రాచెట్ కడ్డీ మీద చుట్లు ఎక్కువై అక్కడే ఇరుక్కుపోతుంది, విప్పేటప్పుడు నరకం. రెండు మూడు చుట్లు పడితే చాలు. అటు రెండు క్లిక్కులు, ఇటు రెండు క్లిక్కులు చొప్పున బిగిస్తూ పోతే బండి మధ్యలోనే నిలుస్తుంది. ఫోర్క్‌లు ఉన్న కదలికలో సగం దాకా నొక్కుకుంటే ఆపేయాలి. ఆ నొక్కుకున్న స్ప్రింగులే పైకి తోస్తూ బెల్టులను బిగువుగా ఉంచుతాయి. పూర్తిగా అణిగేదాకా లాగితే గుంతల దెబ్బను మింగడానికి స్ప్రింగులో చోటు మిగలదు, దెబ్బంతా బెల్టుల మీద, క్లాంప్ మీద పడుతుంది. ఫోర్క్ నూనెను ఆపే రబ్బరు సీళ్లు ఏళ్లుగా ఎండినవైతే నూనె కారడం మొదలవుతుంది.

ఈ సెట్టులో నాకు నచ్చనిది ఇక్కడే ఉంది. రాచెట్‌కు బలం చాలా ఎక్కువ. చిన్న పిడి అయినా రెండు క్లిక్కుల్లో ఫోర్క్ అడుక్కి వెళ్లగలదు, కొత్తవాళ్లకు ఆ తేడా చేతికి తెలియదు. ముందువైపు మట్టుకు చేత్తో లాగి బిగించే కామ్ బకిల్ బెల్టులు ఇచ్చి, వెనక రాచెట్ ఇచ్చి ఉంటే ఈ సెట్టుకు తిరుగుండేది కాదు. కామ్ బకిల్ మన చేతి బలం ఎంతో అంతే బిగుస్తుంది, అంతకు మించి పోదు. తేలిక బండ్లు తెచ్చేవాళ్లు రెండు కామ్ బకిల్ బెల్టులు వేరుగా కొనుక్కోండి.

యెజ్డీలో కిక్కు రాడ్డు, గేరు రాడ్డు ఒక్కటే. అందుకే దాన్ని గేరు వైపు తిప్పి మొదటి గేరులో వేసి పెట్టాం, వెనక చక్రం దొర్లకుండా. పెట్రోల్ ట్యాప్ కట్టేశాం. బండి బరువు ట్రైలర్ ఇరుసు కంటే కాస్త ముందుకు ఉండేలా జరిపాం. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతుకు తగ్గకుండా లాగే బండి కొక్కెం మీద పడాలి. వెనక బరువెక్కితే వేగంలో ట్రైలర్ పాములా ఊగుతుంది. మిగిలిన బెల్టు కొసలను చుట్టి ముడేశాం, గాలికి కొట్టుకుని ట్యాంకు మీద రాసుకోకుండా. కొసకు తప్ప బెల్టు మధ్యలో ఎప్పుడూ ముడి వేయకండి, ముడి దగ్గర బలం బాగా తగ్గిపోతుంది.

బయల్దేరాక టౌను దాటగానే ఆపి చూశాం. మొదటి కొద్ది కిలోమీటర్లలోనే అన్నీ సర్దుకుని కాస్త వదులవుతాయి. ముందు ఎడమ బెల్టు ఒక్క క్లిక్కు తీసుకుంది. చిట్యాల దాటాక పంతంగి టోల్ దగ్గర మళ్లీ చేయి వేసి చూస్తే వీణ తీగలా బిగువుగా ఉన్నాయి. దారిలో వాన పడింది, మార్పు లేదు. 65వ నంబరు హైవే బాగుంటుంది కాబట్టి దాన్ని పరీక్ష అనను. నాగోల్, ఉప్పల్ మీదుగా మల్కాజిగిరి దాకా ఉన్న గుంతలు, స్పీడు బ్రేకర్లే అసలు పరీక్ష. ఇంటి ముందు దించేసరికి బండి ఎలా ఎక్కించామో అలాగే ఉంది. బావ ట్యాంకు చుట్టూ తిరిగి వేలితో తడిమి చూసుకున్నాడు, ఎక్కడా గీత లేదు.

విప్పేటప్పుడు మొదట వెనక బెల్టులు తీయండి. ముందు బెల్టుల వంతు వచ్చేసరికి ఇంకొకరు బండిని పట్టుకుని ఉండాలి. రాచెట్ నాలుక లాగి పూర్తిగా పరిచినట్టు తెరిస్తే ఒక్కసారిగా వదులుతుంది, ఫోర్క్ పైకి లేస్తుంది.

లోపాలు ఇంకా ఉన్నాయి. వాన తర్వాత లేబుల్ మీద అచ్చు మసకబారింది, పని బరువు చదవలేని స్థితికి వస్తుందేమో. పిడి మీది రబ్బరు తొడుగు వదులుగా ఉంది. బెల్టు పొడవు మూడు మీటర్లే. మా ట్రైలర్‌లో రింగులు చట్రానికే వెల్డింగ్ చేసి దగ్గరగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది, పెద్ద ట్రాలీలో వెనక బెల్టులు అందవు. ఇంత సరుక్కి సంచి ఇవ్వలేదు, అది బాధగానే ఉంది. మన ఎండకు పాలియెస్టర్ కూడా మెల్లగా పెళుసవుతుంది, అందుకని బెల్టులను డాబా మీద, ట్రైలర్‌లో వదిలేయకుండా గోనె సంచిలో చుట్టి గదిలో పెట్టుకున్నాను. అంచు తెగినా, కుట్టు లేచినా ఆ బెల్టు ఇక బండికి వాడను.

మా కాలనీలో ఒకాయన బుల్లెట్‌ను ఒక ప్యాకర్స్ వాళ్లు ప్లాస్టిక్ తాడుతో హ్యాండిల్‌కు, క్యారియర్‌కు కట్టి సైడు స్టాండు మీద పంపారు. ట్యాంకు సొట్టతో దిగింది. మీ బండిని ఎవరికైనా అప్పగిస్తుంటే వాళ్లు కట్టేటప్పుడు పక్కనే నిలబడండి, మొహమాటం వద్దు. ఎక్కడెక్కడ కట్టారో ఫోటో తీసుకోండి. మీ దగ్గర లూపులుంటే అవే ఇచ్చి వాడమనండి, సెట్టులో వాటి విలువ బెల్టుల కంటే ఎక్కువని నేననుకుంటున్నాను.

కొనదలచుకుంటే రాణిగంజ్‌కు కారులో వెళ్లకండి, పార్కింగ్ దొరకదు. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వెళ్తే జేమ్స్ స్ట్రీట్ స్టేషన్ దగ్గర. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. ట్రైలర్‌లో రింగు నుంచి రింగుకు, రింగు నుంచి బండికి దూరం టేపుతో కొలిచి రాసుకుని వెళ్లండి. షాపులో ఒక రాచెట్ అడిగి మూడు నాలుగుసార్లు బిగించి, విప్పి చూడండి. విప్పేటప్పుడు పట్టేస్తే అక్కడే మార్పించుకోండి.