గ్లాక్ 19కి స్టీల్ గైడ్ రాడ్: రాడ్ మంచిదే, దాంతో వచ్చిన స్ప్రింగ్‌తోనే తంటా

మేముండేది డాలస్‌లో. నాది మూడో తరం గ్లాక్ 19, అంటే 9 ఎంఎం పిస్టల్. కంపెనీ నుంచి దీనికి ప్లాస్టిక్ గైడ్ రాడ్ వస్తుంది. బ్యారెల్ కింద ఉండే కడ్డీ అది. కాల్చినప్పుడు వెనక్కి వెళ్లిన స్లైడ్‌ని (పిస్టల్‌లో కదిలే పైభాగాన్ని) మళ్లీ ముందుకు తోసే స్ప్రింగ్ దాని చుట్టూ ఉంటుంది. ఐదేళ్లలో ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. అయితే నెలనెలా ఐడీపీఏ అనే సంస్థ పద్ధతిలో జరిగే పిస్టల్ షూటింగ్ పోటీలకు వెళ్తాను. ముందువైపు కాస్త బరువు పెరిగితే కాల్చినప్పుడు పిస్టల్ మూతి తక్కువ ఎగురుతుందని 40 డాలర్లు పెట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ రాడ్ తెప్పించాను. టంగ్‌స్టన్ రాడ్లూ ఉన్నాయి, ఆ లోహం స్టీల్ కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. కానీ నేను ఆడే స్టాక్ సర్వీస్ పిస్టల్ విభాగంలో స్టీల్‌ని మించిన బరువు ఒప్పుకోరు.

బిగించడానికి పనిముట్లేమీ అక్కర్లేదు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే స్లైడ్ ఊడదీయాలి. బ్యారెల్ అడుగున అర్ధచంద్రంలా చిన్న గాడి ఉంటుంది. రాడ్ వెనక చివర సరిగ్గా అందులో కూర్చోవాలి. మొదటిసారి నాకు అంచు మీద కూర్చుంది. స్ప్రింగ్ ఓ పక్కకి వంగినట్టు కనబడితే తీసి మళ్లీ పెట్టాను.

అసలు గొడవ రేంజ్‌లో మొదలైంది. అమ్మినవాళ్లు రాడ్‌కి 20 పౌండ్ల స్ప్రింగ్ తొడిగి పంపారు; పౌండ్లు ఎక్కువైతే స్ప్రింగ్ అంత గట్టిదన్నమాట. కంపెనీ స్ప్రింగ్ 17, 18 పౌండ్ల దగ్గర ఉంటుంది. నేను వాడే మామూలు 115 గ్రెయిన్ (గుండు బరువు, దాదాపు ఏడున్నర గ్రాములు) తూటాలకు అంత గట్టి స్ప్రింగ్‌ని పూర్తిగా వెనక్కి నెట్టే సత్తువ లేదు. ఖాళీ షెల్స్ కుడిపక్కకి ఎగరాల్సింది పోయి నా బూట్ల దగ్గర పడ్డాయి. 100 తూటాల్లో రెండుసార్లు షెల్ బయటికి రాక స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంది. మా ఆవిడ ఒక మ్యాగజైన్ కాల్చి, "తన్నడం తగ్గింది గానీ, స్లైడ్ మూసుకునేటప్పుడు మూతి కిందికి దిగిపోతోందండీ" అంది. నిజమే. గట్టి స్ప్రింగ్ స్లైడ్‌ని అంత విసురుగా ముందుకు కొడుతుంది మరి.

రెండు వారాల తర్వాత అదే రాడ్‌కి విడిగా 17 పౌండ్ల స్ప్రింగ్ కొని వేశాను. 300 తూటాలు కాల్చాను, ఒక్కటీ ఇరుక్కోలేదు. 10 గజాల్లో వెంటవెంటనే రెండు కాలిస్తే ముందు సైట్ కాస్త తొందరగా గుర్తు మీదికి వస్తోంది. తేడా చిన్నదే, కానీ చేతికి తెలుస్తుంది. ప్లాస్టిక్ రాడ్‌లా వంగదు, అదీ నాకు నచ్చింది.

స్ప్రింగ్ మార్చినవాళ్లు ఈ పరీక్ష తప్పక చేయండి. ఖాళీ పిస్టల్‌ని సురక్షితమైన వైపు, పైకి ఎత్తి పట్టుకోండి. స్లైడ్ లాగి, ట్రిగ్గర్ నొక్కిపట్టి, స్లైడ్‌ని మెల్లగా వదలండి. చివరిదాకా మూసుకోకపోతే ఆ స్ప్రింగ్ మీ పిస్టల్‌కి మరీ మెత్తన.

పోటీల వరకూ స్టీల్ రాడ్ ఉంచుతున్నాను. ఇంటి రక్షణకు లాకర్‌లో పెట్టేటప్పుడు మాత్రం కంపెనీ ప్లాస్టిక్ రాడ్, దాని పాత స్ప్రింగే మళ్లీ వేస్తున్నాను.