రెండు వారాల టీమా, రెండేళ్ల సేవా: మిషన్ క్లినిక్‌కు వెళ్లే నర్సుకు ఏది మేలు?

ఆదివారం ఆరాధన అయ్యాక, కావలిలో మా చర్చి వరండాలో ఒక చెల్లి నన్ను ఆపింది. జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చదివి నెల్లూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో చేస్తోంది. “వందనాలక్కా. ఆఫ్రికాకి రెండు వారాల మెడికల్ టీమ్ వెళ్తోంది, రమ్మంటున్నారు. మీలాగా రెండేళ్లకి వెళ్లాలనీ ఉంది. ఏది మేలంటారు?” అంది. అక్కడ నిలబడి సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఆఫ్రికాలోని మలావీ దేశంలో ఒక మిషన్ క్లినిక్‌లో నేను రెండేళ్లు పనిచేశాను. నేనుండగానే రెండు టీములు వచ్చి వెళ్లాయి.

టీమ్ వల్ల మేలు లేదని అనను. కంటిలో శుక్లం, గ్రహణం మొర్రి లాంటివాటికి అనుభవమున్న సర్జన్ వచ్చి ఆపరేషన్ చేసి, తర్వాత చూసుకోవడం అక్కడి స్టాఫ్‌కి అప్పజెప్పి వెళ్తే రోగికి జీవితాంతం ఉపయోగమే. బీపీ, షుగర్ సంగతి వేరు. టీమ్ నెలకి సరిపడా మాత్రలిచ్చి విమానమెక్కుతుంది. అవి అయిపోయాక ఆ పెద్దావిడ ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మలేరియా అయితే ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ వానలు ముదిరే జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొద్దున్నే బెంచీల నిండా జ్వరం పిల్లలే. వేలికొన గుచ్చి ఒక్క బొట్టు రక్తం కిట్ మీద వేసి, పక్కన మందు చుక్కలు వేసి, పావుగంట ఆగితే గీత పడుతుంది. అది ఎవరైనా నేర్చుకుంటారు. కష్టమంతా ఆ తర్వాతే. మాత్రలు మూడు రోజుల్లో ఆరు డోసులు వెయ్యాలి. మొదటిది వేశాక ఎనిమిది గంటలకి రెండోది, అదీ ఏదైనా తిన్నాక. రెండో రోజుకి జ్వరం తగ్గగానే చాలామంది తల్లులు ఆపేస్తారు. మొదట్లో నేను దుబాసీతో చెప్పించేదాన్ని, వాళ్లు తలూపి వెళ్లిపోయేవాళ్లు. ఆరు నెలలకి చిచేవా భాష కాస్త నాలుక తిరిగాక ఒకామెని నేనే అడిగాను. ఆమె నడుముకి చుట్టుకున్న గుడ్డ ముడి విప్పి నాలుగు మాత్రలు చూపించింది, మన ఊళ్లో కొంగున ముడేసుకున్న డబ్బులు తీసినట్టు. పెద్దవాడికి జ్వరం తగ్గిందని ఆపేసి, చిన్నదానికి జ్వరమొస్తే వేద్దామని దాచిందట. అది తెలియనితనం కాదు, లేనితనం. “దానికి జ్వరమొస్తే తీసుకురా, నేనిక్కడే ఉంటాను, మళ్లీ ఇస్తాను” అన్నాను. నాలుగూ పెద్దవాడికి వేసింది. రెండు వారాలకి వచ్చిన మనిషి ఆ మాట ఇవ్వలేదు.

మన గడ్డ మీద జరిగిందీ ఇదే. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన పనిని 1853లో మూసేద్దామా అన్న చర్చ వాళ్ల దేశంలో నడిచింది. మూయలేదు. 1866లో ఒంగోలులో మకాం పెట్టిన వాళ్ల మిషనరీ జాన్ క్లౌ, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి దొరికేలా చేశాడు. అప్పటికే పదేళ్లుగా ఈ ఊళ్లూ ఈ భాషా తెలిసినవాడు కాబట్టే జనం నమ్మి వచ్చారని నా అభిప్రాయం.

అందుకే నా ఓటు రెండేళ్లకి. కానీ డబ్బు విషయం ముందే ఇంట్లో చెప్పు. గల్ఫ్ జీతంతో పోల్చడానికి లేదు, నాకిచ్చింది భోజనం, గది, చేతిఖర్చు. అమ్మానాన్నలు నీ జీతం మీదే ఆధారపడి ఉంటే ఇప్పుడు వద్దు. కనిగిరి వైపు వెళ్లు. ఫ్లోరైడ్ నీళ్లకి వంగిపోయిన నడుములూ గారపట్టిన పళ్లూ అక్కడున్నాయి, వాళ్లతో మాట్లాడటానికి నీకు దుబాసీ అక్కర్లేదు.

వెళ్లేటట్టయితే ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎవరు చేయిస్తారో ముందే రాయించుకో. కెన్యా, ఇథియోపియా లాంటి చోట్లకైతే ఎల్లో ఫీవర్ టీకా కావాలి. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. వేయించుకున్న పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు. హెపటైటిస్ బి మూడు డోసులకి మామూలుగా ఆరు నెలలు పడుతుంది. అది ఇంకా వేయించుకోకపోతే మొదటిది ఈ వారమే వేయించుకో.