కాలిన రెడ్‌వుడ్ అడవిలో సైకిల్ దారులు, పోపు వాసనకు 75 డాలర్లు

ఏప్రిల్‌లో మేము చేసిన కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్ కొండల మూడు రోజుల ప్రయాణం గురించి రాసే ఉద్దేశం నాకు మొదట లేదు. ఇంటికి చేరిన మర్నాడు, మేము దిగిన క్యాబిన్ యజమాని దగ్గర నుంచి "ఘాటైన వంట వాసన" పేరుతో 75 డాలర్ల అదనపు రుసుము అడుగుతూ సందేశం వచ్చింది. అది చూశాక రాయక తప్పదనిపించింది. అయితే రాయడం మొదలుపెట్టాక, ఆ ప్రయాణంలో అసలు చెప్పుకోదగినది ఆ క్యాబిన్ కాదని, శనివారం నాడు మట్టి తవ్వుతూ గడిపిన ఆరు గంటలని అర్థమైంది. అందుకే రెండూ చెబుతాను.

మేము ఫ్రీమాంట్‌లో ఉంటాము. నేను, మా ఆవిడ, పద్నాలుగేళ్ళ మా అబ్బాయి, కొత్తగా మౌంటెన్ బైకు కొని దాని గురించి తప్ప మరేదీ మాట్లాడని మా తోడల్లుడు, ఆరు నెలలు ఉండిపోదామని చీరాల నుంచి వచ్చిన మా మామగారు, మొత్తం ఐదుగురం బయలుదేరాము. శాంటా క్రూజ్ మౌంటెన్స్ ట్రయల్ స్టూవార్డ్‌షిప్ అనే సంస్థ నడిపే శ్రమదానం రోజుకు మా తోడల్లుడు ముందే పేర్లు నమోదు చేయించాడు. ఒకప్పుడు మౌంటెన్ బైకర్స్ ఆఫ్ శాంటా క్రూజ్ అనే పేరుతో సైకిల్ మిత్రుల సంఘంగా ఉన్నదే ఇప్పుడు ఈ పేరుతో కొండదారులు వేసే, మరమ్మతు చేసే సంస్థగా ఎదిగింది. సొకెల్ డెమాన్‌స్ట్రేషన్ స్టేట్ ఫారెస్ట్ అనే రాష్ట్ర అడవిలో సుమారు నాలుగు మైళ్ళ పొడవున ఉన్న ఫ్లో ట్రయల్‌ను, అంటే మలుపులతో, ఎత్తుపల్లాలతో సైకిల్ ఆగకుండా సాగిపోయేలా మలచిన దారిని, స్వచ్ఛంద సేవకులతో వేసి 2015లో పూర్తి చేసింది వీళ్ళే. ఆ దారి మీద ఇదివరకే నాలుగుసార్లు జారిపడిన అనుభవం ఉన్నవాడిని కనుక వీళ్ళ పనితనం మీద నాకు ముందు నుంచీ గౌరవముంది.

ఇక్కడి అగ్నిప్రమాదం సంగతి తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. 2020 ఆగస్టు 16న తెల్లవారుజామున వాన లేని ఉరుములు మెరుపులతో పడిన పిడుగుల వల్ల ఈ కొండల్లో పలుచోట్ల నిప్పు రాజుకుంది. ఆ మంటలన్నీ కలిసి సీజెడ్‌యూ లైట్నింగ్ కాంప్లెక్స్ అనే పేరుతో నమోదైన కార్చిచ్చుగా మారి 86,509 ఎకరాలను, 1,490 కట్టడాలను దహించాయి. 1902లో ఏర్పడిన, కాలిఫోర్నియాలోకెల్లా పాతదైన రాష్ట్ర ఉద్యానవనం బిగ్ బేసిన్ 97 శాతం కాలిపోయింది. దానికి దగ్గర్లోనే ఉన్న 8,532 ఎకరాల శాన్ విసెంటే రెడ్‌వుడ్స్ అనే అడవి కూడా మంటల పాలైంది. ఆ అడవిలో ప్రజల కోసం దారులు వేద్దామనుకుంటున్న సమయంలోనే నిప్పు వచ్చింది. తర్వాత ట్రయల్ స్టూవార్డ్‌షిప్ సంఘం బూడిదలోనే పని చేపట్టగా, 2022 డిసెంబరులో మొదటి విడత దారులను తెరిచారు.

శుక్రవారం మధ్యాహ్నం బిగ్ బేసిన్ చూశాము. కారు నిలపడానికి ముందుగా రిజర్వు చేసుకుంటే ఆరు డాలర్లు, దాని మీద రెండు డాలర్ల రుసుము, మొత్తం ఎనిమిది అప్పుడు తీసుకున్నారు. చూడదగిన చోటే. సైకిల్ కోసమైతే మాత్రం ప్రత్యేకంగా వెళ్ళనక్కరలేదు, ఎందుకంటే అక్కడ సన్నని కాలిబాటల మీద సైకిళ్ళకు అనుమతి లేదు, అగ్నిమాపక బండ్లు పోయేందుకు వేసిన వెడల్పాటి ఫైర్ రోడ్ల మీదే తొక్కాలి.

ఆ సాయంత్రం క్యాబిన్‌కు చేరుకున్నాము. ఫెల్టన్ ఊరికి పైన కొండ మీద, "రెడ్‌వుడ్ అడవి నడుమ ప్రశాంత నిలయం" అన్న వర్ణనతో రాత్రికి 178 డాలర్లని చూపించిన ఇల్లు అది. రెండు రాత్రులకు 356 కదా అని నొక్కుకుంటూ పోతే శుభ్రపరిచే రుసుము 145, సేవా రుసుము 62.50, పన్ను 60.12 కలిసి చివరకు 623.62 అయింది. ఈ దేశంలో ఇది కొత్తేమీ కాదు కాబట్టి దాన్ని కూడా మింగేశాను. కిటికీ తెర తీశాక మింగలేకపోయాను. ప్రకటనలోని ఫొటోలో వసారా ముందు ఆకాశాన్నంటే పచ్చని చెట్లున్నాయి. వాస్తవంలో వసారా ముందు నల్లటి మోళ్ళు, నరికి పేర్చిన బొగ్గు దుంగలు, వాటి వెనుక బోడి కొండ ఉన్నాయి. ఆ ఫొటో 2020కి ముందు తీసినది. అడవి కాలడం యజమాని తప్పు కాదు. ఆ కొండ మీద ఇల్లు నిలబడి ఉండడమే అతని అదృష్టం, చుట్టుపక్కల వందలాది కుటుంబాలకు పునాదులు తప్ప ఏమీ మిగలలేదు. కాలిన కొండ అని ఒక్క మాట రాసినా నేను ఆ ఇల్లే తీసుకునేవాడిని, ఎందుకంటే మేము వచ్చిందే కాలిన కొండను చూడటానికి. దాచి డబ్బు పుచ్చుకోవడం మాత్రం నాకు నచ్చలేదు.

పైగా ప్రకటనలో కనిపించిన వేడినీటి తొట్టి మీద "పనిచేయదు" అని కాగితం అంటించి ఉంది. గోడ మీద 19 అంశాల జాబితా: వెళ్ళేటప్పుడు దుప్పట్లు తీసి ఉతుకు యంత్రంలో వేయాలి, గిన్నెలు కడగాలి, చెత్త మోసుకెళ్ళి రోడ్డు దగ్గర పెట్టాలి. ఇవన్నీ మనమే చేస్తే ఆ 145 డాలర్లు దేనికని మా ఆవిడ ఆ రాత్రి పదకొండు గంటల దాకా అడుగుతూనే ఉంది. ఆ ఇల్లు ఎంచుకున్నవాడిని నేనే కనుక జవాబు చెప్పవలసిన బాధ్యత కూడా నా మీదే పడింది. మామగారు మాత్రం వంటగదిలోకి వెళ్ళి, మర్నాటికి పులిహోర కలపడానికి ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ వేసి పోపు పెట్టారు. ఆ ఇంట్లో మాకు సుఖంగా గడిచిన అరగంట అదే. 75 డాలర్లు పలికింది కూడా అదే.

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకు ఎంపైర్ గ్రేడ్ రోడ్డు మీద ఉన్న శాన్ విసెంటే ప్రవేశం దగ్గరకు చేరాము. దాదాపు ముప్పై మంది వచ్చారు. పూచీ పత్రాల మీద సంతకాలు పెట్టించుకుని, హెల్మెట్లు, చేతి తొడుగులు, పనిముట్లు వాళ్ళే ఇచ్చారు. రుసుము లేదు. మా తోడల్లుడు సైకిల్ తొక్కేటప్పుడు వేసుకునే దుస్తుల్లో, ఖరీదైన కళ్ళద్దాలతో దిగి, ఆ రోజు సైకిల్ తొక్కడం ఉండదని తెలిసి కొంత చిన్నబోయాడు.

పనిముట్లు చూసి మామగారి ముఖం వెలిగింది. మెక్లౌడ్ అనేదానికి ఒకవైపు దంతె, మరోవైపు పార ఉంటాయి. పులాస్కీ అనేదానికి ఒకవైపు గొడ్డలి, మరోవైపు వడ్రంగి బాడిస లాంటి అంచు ఉంటుంది. రెండూ అడవిలో మంటలతో పోరాడే సిబ్బంది కోసం నూరేళ్ళకు పైగా క్రితం పుట్టినవే, ఇప్పుడు మంటల తర్వాతి పనికి కూడా అవే వాడుతున్నారు. నలభై ఏళ్ళు వరి, వేరుశనగ పండించిన మనిషికి వాటి వాడకం ఎవరూ నేర్పనవసరం లేకపోయింది. మా జట్టు నాయకురాలు చూపించబోతుండగానే ఆయన మెక్లౌడ్ పట్టుకుని మట్టి లాగడం మొదలుపెట్టారు.

కాలిన కొండ మీద దారి ఎందుకు చెడుతుందో ఆ రోజే నాకు తెలిసింది. చెట్టు పైన కాలి ఆరిపోయినా వేళ్ళు భూమిలోపల రోజుల తరబడి రగులుతూనే ఉంటాయి. అవి బూడిదయ్యాక నేల కింద సొరంగాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. పైకి గట్టిగా కనిపించే చోట చక్రం గానీ కాలు గానీ పడితే ఒక్కసారిగా దిగబడుతుంది. అలాంటి గుంట ఒకటి మా ముందే బయటపడింది. మా అబ్బాయి గునపం పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. దాన్ని రాళ్ళతో, మట్టితో పొరలు పొరలుగా నింపి దిమ్మిస కొట్టడానికి నలుగురికి గంట పట్టింది. రెండో సమస్య నీరు. ఆకులు, పొదలు కాలినప్పుడు వచ్చే మైనం వంటి ఆవిర్లు మట్టి రేణువులకు పట్టుకుని, వాన నీటిని నేల పీల్చుకోనివ్వవు. తామరాకు మీద నీళ్ళలా అది జారిపోతుంది. దాన్ని ఆపే ఆకుచెత్త గానీ వేళ్ళు గానీ లేకపోవడంతో, ఏటవాలున ఉన్న దారే కాలువగా మారుతుంది.

అందుకే వీళ్ళ శ్రమలో ముప్పాతిక భాగం నీటికి దారి చూపడమే. కొండ వాలును తొలిచి అరుగులా చదును చేసి, ఆ అరుగును లోయ వైపు కొద్దిగా వాటంగా ఉంచుతారు. నీరు దారి పొడవునా పరుగెత్తకుండా అడ్డంగా దాటి పోవాలన్నది ఉద్దేశం. దిగుడు మధ్యలో అక్కడక్కడ చిన్న ఎత్తులు పెట్టి, ఆ ముందున్న పల్లంలో నీరు బయటికి జారేలా చేస్తారు. సైకిల్ మీద పోయేవాడికి అది ఆనందాన్నిచ్చే ఎగుడుదిగుడుగా తోస్తుంది. అది తూము అని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. చలికాలం వానలకు అలాంటి పల్లాల్లో ఒండ్రు పేరుకుని, బయటి అంచున గట్టులా కట్టుకుపోయింది. ఆ గట్టును తెంపడమే మా పని. మామగారు కాసేపు చూసి, "ఇంత వెడల్పు చాలదు బాబూ, రెండో వానకే మళ్ళీ పూడుతుంది, నోరు ఇంకా తెరవమను" అన్నారు. నేను తర్జుమా చేసి చెప్పాను. నాయకురాలు వంగి చూసి, నిజమేనని, ఆ తూము నోరు రెండడుగులు వెడల్పు చేయించింది. ఆ తర్వాత మిగతా చోట్ల ముందుగా ఆయన వైపే చూసింది. నెలల తరబడి మా ఇంటి సోఫాలో టీవీ ఎదుట కూర్చుని ఎప్పుడు తిరిగి వెళ్దామా అని రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషిని అలా చూసి మా ఆవిడ కళ్ళు తుడుచుకోవడానికి పక్కకు వెళ్ళింది, దుమ్మని చెప్పింది.

ఆ అడవి రూపం గురించి కూడా చెప్పాలి. రెడ్‌వుడ్ చెట్లు చాలామటుకు చావలేదు. మందపాటి బెరడు కింద దాగిన మొగ్గల నుంచి, మొదలు నుంచి కొన దాకా పచ్చని నూగులా చిగుర్లు తొడిగాయి. మసి పట్టిన స్తంభానికి ఎవరో మామిడాకుల తోరణాలు చుట్టినట్టుంది. వాటి పక్కనున్న డగ్లస్ ఫర్ చెట్లకు ఆ శక్తి లేదు. మంటలకు చచ్చినవి అలాగే నిలబడి ఉన్నాయి, గాలి వీస్తే కొమ్మలు విరిగి పడతాయి. అటువంటి చెట్ల కింద నిలబడి విశ్రాంతి తీసుకోవద్దని ఉదయమే గట్టిగా హెచ్చరించారు.

మరొక శత్రువు పాయిజన్ ఓక్. మంటల తర్వాత వేళ్ళ నుంచి విరివిగా లేచి దారులను కమ్మేస్తుంది. మన మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన మొక్కే ఇది. పచ్చి మామిడికాయ ముచ్చిక దగ్గరి జీడి తగిలి పెదవి పొక్కిన వాళ్ళకు దీని సంగతి సగం తెలిసినట్టే, మిగతా సగం దానికి పదింతలు. మూడు ఆకుల గుత్తి కనిపిస్తే తాకవద్దని చెప్పినా మా అబ్బాయి మోచేయి తగిలించుకున్నాడు. జిడ్డు కడిగే ద్రవం 17.49 డాలర్లకు కొన్నాము, పది రోజులు గోక్కున్నాడు.

మధ్యాహ్నం సంఘం వాళ్ళు శాండ్‌విచ్‌లు పెట్టారు, మేము పులిహోర డబ్బా తెరిచాము. పది నిమిషాల్లో అడుగు కనిపించింది. గడ్డం నెరిసిన ఒక స్వచ్ఛంద సేవకుడు డబ్బా మూతకు అంటిన ఇంగువ మెతుకులు కూడా వదలలేదు. ఆయన ఇల్లు 2020లో కాలిపోయిందని, ఇంటి కంటే ముందు దారి బాగుపడిందని ఆయనే నవ్వుతూ చెప్పాడు.

ఆదివారం అదే దారి మీద సైకిళ్ళు తొక్కాము. అద్దెకు తీసుకున్న ముందు, వెనుక రెండు చక్రాలకూ కుదుపు ఆపే స్ప్రింగులున్న రెండు ఫుల్ సస్పెన్షన్ బైకులు రోజుకు 110 డాలర్ల చొప్పున 220 అయ్యాయి, బ్రేకులు చక్కగా ఉన్నాయి, ఫిర్యాదు లేదు. శాన్ విసెంటేలో ప్రవేశం ఉచితమే, కానీ ల్యాండ్ ట్రస్ట్ ఆఫ్ శాంటా క్రూజ్ కౌంటీ అనే భూసంరక్షణ సంస్థ నుంచి ముందుగా పాస్ తీసుకోవాలి. నడిచేవారు, గుర్రాల వారు కూడా ఉంటారు కనుక మలుపుల్లో వేగం తగ్గించాలి. మేము తెరిచిన తూము దగ్గర మా తోడల్లుడు ఆగి ఫొటో దిగాడు. ముందు రోజు అక్కడ అతను పది నిమిషాలకు మించి పార పట్టలేదన్నది వేరే సంగతి.

వెళ్ళదలచిన వారికి నా సలహా ఇది. పాత ఫొటోలు చూసి కొండ మీద క్యాబిన్ తీసుకోకండి, ఫొటో ఏ సంవత్సరానిదో రాతపూర్వకంగా అడగండి. లేదా స్కాట్స్ వ్యాలీలో మామూలు మోటల్‌లో దిగండి, దూరం పెద్దగా తేడా రాదు. పొడుగు చేతుల చొక్కా, చీలమండ దాటే బూట్లు తప్పనిసరి. ఒక్క రోజే వీలైతే సైకిల్ తొక్కే ఆదివారాన్ని వదులుకుని, మట్టి తవ్వే శనివారాన్ని ఉంచుకోండి.

ఆ 75 డాలర్లు నేను కట్టలేదు. ఫొటోకు, వాస్తవానికి ఉన్న తేడాను చూపిస్తూ రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి పంపాక అవతలి నుంచి మాట లేదు. మామగారి తిరుగు ప్రయాణం జూన్ మొదటి వారంలో. ఈలోగా మరో శ్రమదానం రోజు ఉందేమో కనుక్కోమన్నారు. మెక్లౌడ్ ఒకటి కొంటే, పిడి ఊడదీసి ఇనుము మాత్రం 23 కిలోల పెట్టెలో పెట్టుకోవచ్చేమో కూడా కనుక్కోమన్నారు. పిడికి చీరాలలో సరుగుడు కర్ర దొరుకుతుందట.