రైతు సేవా కేంద్రం, పశువుల ఆసుపత్రి: మూడేళ్లుగా వాడుకుంటున్న ఒక డెల్టా రైతు సమీక్ష

గోదావరి డెల్టాలో నాకు రెండున్నర ఎకరాల వరి చేను, ఇంటి వెనుక అర ఎకరం కొబ్బరి తోట, చావిట్లో రెండు పాడి గేదెలు, ఒక పెయ్య దూడ ఉన్నాయి. ఊరికి దూరంగా ఉన్న మరో ఎకరంన్నర కౌలుకు ఇచ్చాను. మూడేళ్ల క్రితం వరకు చేనుకు ఏ తెగులు వచ్చినా నేను మొదట వెళ్లింది పురుగుమందుల కొట్టుకే. అది తెల్లవారుజామున ఆరింటికే తెరుచుకుంటుంది, పైగా పంట చేతికొచ్చేదాకా అరువు ఇస్తుంది. ప్రభుత్వ సేవలను పట్టుదలగా వాడుకోవడం ఈ మూడేళ్లలోనే మొదలుపెట్టాను. అందులో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అన్నది నాలాంటి చిన్న కమతం ఉన్నవారి కోసం రాస్తున్నాను.

మా ఊరి కేంద్రం 2020 మే 30న రాష్ట్రమంతటా ప్రారంభమైన రైతు భరోసా కేంద్రాలలో ఒకటి. 2024లో ప్రభుత్వం మారిన తర్వాత వీటి పేరు రైతు సేవా కేంద్రాలుగా మారింది. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తున్నారు, మరికొందరికి అది ఉత్త 'ఎరువుల ఆఫీసు'. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు తెగుళ్ల బొమ్మల పటాలు, మూలన యూరియా బస్తాలు ఉంటాయి. ఆర్భాటంగా పెట్టిన టచ్‌స్క్రీన్ యంత్రం మీద ఇప్పుడు రిజిస్టర్లు పేర్చి ఉన్నాయి. ఇవేవీ ఆ కేంద్రం విలువను తేల్చవు. అక్కడ కూర్చునే వ్యవసాయ సహాయకుడు మన చేలో కాలు పెడుతున్నాడా లేదా అన్నదే తేలుస్తుంది.

ఆ విషయం నాకు ఒక సార్వాలో, అంటే ఖరీఫ్ పంటలో, బోధపడింది. స్వర్ణ రకం వరి వేసిన చేను పొట్ట దశలో ఉండగా, గట్టు నుంచి నాలుగు బారల లోపల మంచమంత మేర పసుపు పచ్చగా మారింది. అలవాటు ప్రకారం కొట్టుకు వెళ్లి చెబితే రెండు డబ్బాలు కలిపి కొట్టమన్నారు. కొట్టాను. వారం తిరిగేసరికి ఆ మచ్చ చుట్టూ మరో మూడు మచ్చలు లేచాయి, మొదటి చోట పైరు కాలినట్టు అయింది. అప్పుడు కేంద్రానికి వెళ్లాను. సహాయకుడు మరునాడు ఉదయం వచ్చి, ప్యాంటు మడిచి చేలోకి దిగాడు. ఆకుల వంక చూడనే లేదు. ఒక దుబ్బును పక్కకు వంచి, మొదలు దగ్గర అరచేత్తో రెండుసార్లు తట్టాడు. గోధుమ రంగు పురుగులు జలజలా నీటి మీద రాలి, అక్కడే గుండ్రంగా ఈదడం మొదలుపెట్టాయి. అలా పది దుబ్బులు తట్టి లెక్కపెట్టి, సుడిదోమ అని తేల్చాడు. ఈ దశలో దుబ్బుకు 20 నుంచి 25 దాకా ఉంటేనే మందు అవసరమని, నా చేలో అంతకు మించే ఉన్నాయని చెప్పాడు.

నేను కొట్టిన డబ్బాల ఫొటో చూపిస్తే, వాటిలో ఒకటి సింథటిక్ పైరిత్రాయిడ్ అని గుర్తుపట్టాడు. అది దోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపేస్తుందని, దోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగు లోపల భద్రంగా ఉండి మళ్లీ పొదుగుతాయని వివరించాడు. ముందు నీరు తీసి చేను ఆరగట్టమన్నాడు. పైరును పాయలుగా విడదీసి, మందు మొదళ్లకు తగిలేలా కొట్టమని, యూరియా ఇక ఆపమని చెప్పాడు. దోమకు పనిచేసే ఒకే మందు పేరు చీటీ మీద రాసి ఇచ్చాడు. నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలి ఉంటే ఇంత దాకా వచ్చేది కాదని కూడా అన్నాడు. ఆ మాట నేను అంతకు ముందు రెండు సమావేశాల్లో విని, కూలీలకు చెప్పడానికి బద్ధకించినదే. ఎకరానికి ఐదారు బస్తాల నష్టంతో బయటపడ్డాను. మొదటి వారమే వెళ్లి ఉంటే ఆ ఐదారు కూడా మిగిలేవి. ఆ సలహాకు నేను కట్టింది ఏమీ లేదు, కొట్టులో కట్టింది మాత్రం రెండు డబ్బాల డబ్బు.

అయితే ఆ సహాయకుడు అంతటి శ్రద్ధతో వచ్చింది నేను వెళ్లి అడిగినందుకే. తనంతట తాను చేలవెంట తిరిగే తీరిక అతనికి లేదు. సీజన్ మొదలైతే ప్రతి సర్వే నంబరులో నిలబడి ఫొటో తీసి ఈ-క్రాప్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో పంట నమోదు చేయాలి, తర్వాత రైతుల వేలిముద్రలతో ఈ-కేవైసీ పూర్తి చేయాలి, ఎరువుల నిల్వ లెక్క చూడాలి, కోతలయ్యాక ధాన్యం కొనుగోలు పని, తేమ 17 శాతం దాటిందా లేదా అన్న తగాదాలు. ఈ-క్రాప్ లేకపోతే పంట నష్టం పరిహారం రాదు, ధాన్యం అమ్మకమూ కష్టమే కాబట్టి ఆ పని అనవసరమని నేను అనను. కానీ వ్యవసాయ డిగ్రీయో డిప్లొమానో చదివిన మనిషి రోజులో ఎక్కువ భాగం సెల్‌ఫోన్‌లో సిగ్నల్ కోసం వెతుక్కోవడం చూస్తే బాధ కలుగుతుంది. కేంద్రానికి ఉత్త చేతులతో వెళ్లి 'చేను బాగోలేదు' అంటే వచ్చే జవాబు వేరు. తెగులు సోకిన దుబ్బును వేళ్లతో సహా పీకి, తడి గుడ్డలో చుట్టి తీసుకెళ్లి, ఎప్పుడు ఏ ఎరువు ఎంత వేశామో చెబితే వచ్చే జవాబు వేరు. కేంద్రం మూసి ఉంటే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, ఓపికగానే చెబుతారు, కానీ ఫోనులో దుబ్బు తట్టి చూడలేరు కదా.

భూసార పరీక్ష విషయంలో నాకు సంతృప్తి లేదు. మొదటిసారి నా పేరు మీద వచ్చిన కార్డు ఎవరి చేలో మట్టితో వచ్చిందో నాకు తెలియదు, ఎందుకంటే నా చేలో ఎవరూ మట్టి తీయలేదు. రెండోసారి నేనే ఎనిమిది చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, అంచు వెంట మట్టి గీకి, అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి సంచిలో ఇచ్చాను. ఫలితం వచ్చేసరికి దాళ్వా (రబీ) నాట్లు అయిపోయాయి. జింకు తక్కువగా ఉందన్న సంగతి మరుసటి సార్వాకు పనికొచ్చింది. మట్టి ఇవ్వాలనుకునేవారు వేసవిలో, చేను ఖాళీగా ఉన్నప్పుడే ఇవ్వాలి.

ఈ కేంద్రాల వెనుక ఉన్న విజ్ఞానం మాత్రం సామాన్యమైనది కాదు. 1925లో మొదలైన మార్టేరు వరి పరిశోధన స్థానం మనకు బస్సు దూరంలోనే ఉంది. విత్తనాల సంచుల మీద ఉండే ఎంటీయూ అన్న మూడక్షరాలు ఆ ఊరివే. 1982లో అక్కడి నుంచి వచ్చిన 7029నే దేశమంతా స్వర్ణ అంటోంది. మన దాళ్వా చేలలో కనిపించే 1121, తూర్పున బొండాలు అని పిలిచే 3626 కూడా అక్కడివే. ఇన్నేళ్లు ఆ విత్తనాలే చల్లినా, ఆ స్థానం గేటు లోపలికి అడుగుపెట్టింది నేను నిరుడే. కొబ్బరికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. ఆకుల అడుగున తెల్లటి మైనపు చుట్టలు పెట్టే సర్పిలాకార తెల్లదోమ మా తోటకు వచ్చినప్పుడు, విషపు మందులు కొడితే దానిని అదుపుచేసే మిత్ర పురుగులు పోతాయని, ఐసేరియా అనే శిలీంధ్ర ద్రావణాన్ని ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టాలని అక్కడి నుంచి అందిన సలహా. ఆకులు నల్లబడడం చూసి చెట్లు చచ్చిపోతున్నాయని భయపడినవాళ్లు ఖరీదైన మందులు కొట్టారు. కొట్టని నా చెట్లు వాటికన్నా ఆలస్యంగా ఏమీ కోలుకోలేదు.

ఇక పశువుల సేవ. పనితనంలో దీనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను, వేళల విషయంలో తక్కువ. గేదె ఎదకు రావడం ఆఫీసు వేళలు చూసుకుని జరగదు. చాలాసార్లు రాత్రి పూటో, తెల్లవారగట్లో వస్తుంది, ఎండాకాలంలో అయితే అరుపు కూడా లేకుండా మూగ ఎద. ఒక శనివారం రాత్రి మా గేదె అరిచి, జిగురు తీగలు వేసింది. మరునాడు ఆదివారం, ఆసుపత్రికి తాళం. సోమవారానికి ఎద పోయింది. ఒక ఎద తప్పితే 21 రోజుల మేత దండగ అన్న లెక్క పాడి ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. తర్వాతి ఎదకు తెల్లవారుజామునే పశుసంవర్ధక సహాయకుడికి ఫోన్ చేశాను. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం సూది (కృత్రిమ గర్భధారణ) వేయాలని చెప్పి, చెప్పిన వేళకు బండి మీద నత్రజని క్యాను పెట్టుకుని వచ్చాడు. చెంబులో గోరువెచ్చని నీళ్లు అడిగి, థర్మామీటరు పెట్టి 37 డిగ్రీలు చూసుకుని, పొగలు కక్కుతున్న క్యానులోంచి ముర్రా జాతి వీర్యం ఉన్న సన్నటి గొట్టాన్ని పటకారుతో తీసి, ఆ నీళ్లలో సరిగ్గా 30 సెకన్లు ఉంచాడు. చేతి గడియారం మీద నుంచి చూపు తిప్పలేదు. గొట్టాన్ని పొడిగా తుడిచాకే తుపాకీలోకి ఎక్కించాడు. ఇలా నీళ్లడగకుండా, గొట్టాన్ని అరచేతుల మధ్య రుద్ది వేసేసే వాళ్లను నేను వేరే చోట చూశాను. మూడు నెలలకు వచ్చి చూడి పరీక్ష చేసి ఖాయం అన్నాడు. పది నెలలు దాటాక పుట్టిన పెయ్యే ఇప్పుడు చావిట్లో ఉంది.

టీకాల విషయంలో ఫిర్యాదు లేదు. గాలికుంటుకు ఆరు నెలలకొకసారి, తొలకరికి ముందు గురక వ్యాధికి ఇంటింటికీ వచ్చి వేస్తున్నారు. పెయ్యకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఒకేసారి వేసే బ్రూసెల్లోసిస్ (చూడి పోయేలా చేసే రోగం) టీకాను అడిగి మరీ వేయించుకోవాలి, వయసు దాటితే వేయరు. టీకా వేశాక రెండు మూడు రోజులు పాలు తగ్గుతాయని గేదెను చేలోకి తోలేసి దాచేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, ఆ లోపం ఆసుపత్రిది కాదు. అత్యవసరానికి 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార వైద్య వాహనం వస్తుంది. పడిపోయిన పశువును ఎత్తే లిఫ్టు కూడా దానిలో ఉంటుంది. అయితే 2022లో ఆ బళ్లను నియోజకవర్గానికి ఒకటి చొప్పున మొదలుపెట్టారు, తర్వాత సంఖ్య పెంచారు. బండి దూరాన ఉండొచ్చు కాబట్టి, ఈనలేక అవస్థ పడుతున్న గేదె విషయంలో ఆ నంబరుతో పాటే మండలంలోని డాక్టరుగారికీ చెప్పి ఉంచడం క్షేమం.

నాకు అసలు సలహా దొరకనిది మేత గురించి. కోత మిషన్లు వచ్చాక గడ్డి నలిగిపోయి, ఇంటి ముందు గడ్డిమేటు వేసే కుటుంబాలు తగ్గిపోయాయి. సార్వా కోతకు ముందు చేలో పిల్లిపెసర అనే మేత పైరు చల్లుకోమని మా తాతల నాటి నుంచి ఉన్న పద్ధతిని గుర్తుచేసేవారు కూడా లేరు. పంట చూసే సహాయకుడు మేత పశువుల శాఖదంటాడు, పశువుల సహాయకుడు విత్తనం వ్యవసాయ శాఖదంటాడు. ఇద్దరూ కూర్చునే చోట్ల మధ్య దూరం పది అడుగులు.

భూమి ఉన్నవాళ్లకు ఇంకొక మాట. మన చేను కౌలుకు చేసేవాడికి ఈ సేవల్లో సగం అందవు, అతని చేతిలో సాగుదారు హక్కు పత్రం ఉంటే తప్ప. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూయజమాని సంతకం కావాలి, గడువు 11 నెలలు, దానితో భూమి మీద ఏ హక్కూ రాదు. నేనూ రెండేళ్లు సంతకం పెట్టడానికి జంకినవాడినే. పోయిన సార్వాలో పెట్టాను. నా ఎకరంన్నర పంట మొదటిసారి దున్నినవాడి పేరుతో ఈ-క్రాప్‌లో ఎక్కింది, ధాన్యం డబ్బు నేరుగా అతని ఖాతాలో పడింది.

ఐదు మార్కులకు పశువుల సేవకు నాలుగు, పంటల సేవకు మూడు, మట్టి పరీక్షకు ఒకటి ఇస్తాను. మా కేంద్రానికి వెళ్లాలంటే మంగళ, శుక్రవారాలు ఉదయం పదిన్నర లోపు వెళ్లండి. ఆ తర్వాత సహాయకుడు ఈ-క్రాప్ ఫొటోల కోసం చేల మీదికి వెళ్లిపోతాడు. తడి గుడ్డలో దుబ్బు మరిచిపోకండి.