కరాఫ్‌లో స్క్రిప్టులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

విశాఖ రొయ్యల ఎగుమతి యూనిట్ల కోల్డ్ స్టోరేజీలకు మేం రాసే సాఫ్ట్‌వేర్‌లో సగం పని హెచ్చరికలదే. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన గది ఎంతసేపు వేడెక్కితే ఎవరికి సందేశం వెళ్లాలన్నది యూనిట్‌కో రకం. కంటైనర్లకు సరుకు ఎక్కించే రోజుల్లో ఆ నియమమూ మారుతుంది. అంత చిన్న మార్పుకు బండిల్ (విడిగా అమర్చే జావా ప్రోగ్రాం ముక్క) మళ్లీ తయారు చేసి పంపడం ఇష్టం లేక, అలాంటి బండిళ్లను నడిపే అపాచీ కరాఫ్‌లో నియమాలను స్క్రిప్టులుగా (నడుస్తుండగానే మార్చగల చిన్న ప్రోగ్రాములుగా) పెట్టాం. ఇన్నేళ్లలో స్క్రిప్టు భాషలతో పడ్డ ఇబ్బంది తక్కువ, క్లాస్‌లోడర్లతో (జావా క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగాలతో) పడ్డదే ఎక్కువ.

జావా 6తో వచ్చిన స్క్రిప్టింగ్ ఏపీఐలోని మేనేజర్, థ్రెడ్‌కు (ప్రోగ్రాంలో నడుస్తున్న ఒక పని వరుసకు) తగిలించి ఉన్న కాంటెక్స్ట్ క్లాస్‌లోడర్‌లో ఇంజిన్ల (స్క్రిప్టులను నడిపే భాగాల) కోసం వెతుకుతుంది. కరాఫ్ ఆధారపడే ఓఎస్‌జీఐ అనే బండిళ్ల పద్ధతిలో ప్రతి బండిల్‌కూ సొంత క్లాస్‌లోడర్ ఉంటుంది కాబట్టి, మేం వాడే స్క్రిప్టు భాష గ్రూవీ పక్క బండిల్‌లోనే ఉన్నా దానికి కనిపించదు. కనిపించలేదని చెప్పినా బాగుండేది. పేరు పెట్టి అడిగితే చడీచప్పుడు లేకుండా నల్ (ఏమీ లేదనే విలువ) చేతిలో పెడుతుంది, ఆ తర్వాతి లైన్లో ప్రోగ్రాం కూలుతుంది. మేం మేనేజర్ జోలికే పోము. గ్రూవీ ఫ్యాక్టరీ క్లాసును నేరుగా తీసుకుని, ఇంజిన్‌ను ఓఎస్‌జీఐ సర్వీసుగా నమోదు చేస్తాం. ఆ తర్వాత ఈ గొడవ మళ్లీ రాలేదు.

మొదట్లో నియమాలు, అప్పట్లో జావాతో పాటే వచ్చే నాస్‌హార్న్ ఇంజిన్ మీద జావాస్క్రిప్ట్‌లో ఉండేవి. జావా 11లో దానికి కాలం చెల్లిందని ప్రకటించారు, 2020లో వచ్చిన జావా 15లో తీసేశారు. విడి లైబ్రరీగా దొరుకుతుంది గానీ, ఎలాగూ మారాలి కదా అని గ్రూవీకి వెళ్లాం. జైథాన్ (జావా మీద నడిచే పైథాన్) చూశాం, అది పైథాన్ 2.7 దగ్గరే ఆగిపోయింది, మా దగ్గర చేరే పిల్లలకు వచ్చింది పైథాన్ 3.

గ్రూవీలో జాగ్రత్త పడాల్సింది మెటాస్పేస్ (జావా క్లాసుల వివరాలు ఉంచే మెమరీ) గురించి. స్క్రిప్టులను నడిపే గ్రూవీషెల్‌కు స్క్రిప్టు ఇచ్చిన ప్రతిసారీ కొత్త క్లాసు పుట్టి అందులో చేరుతుంది. ఒకసారి కంపైల్ చేసి దాచుకుంటే సరి. ఉష్ణోగ్రత విలువలను స్క్రిప్టు పాఠంలో అతికించకుండా బైండింగ్ (స్క్రిప్టుకు బయటి నుంచి విలువలు అందించే దారి) ద్వారా ఇవ్వాలి.

బండిల్ అప్‌డేట్ చేశాక పాత స్క్రిప్టు పాత వస్తువును (ఆబ్జెక్టును) పట్టుకుని కూర్చుంటే వచ్చే దోషం చూడాల్సిందే: ఫలానా క్లాసును ఫలానా క్లాసుగా మార్చలేము అంటుంది, రెండు చోట్లా ఒకే పేరు, తెచ్చిన క్లాస్‌లోడర్లే వేరు! కొత్తవాళ్లు దాన్ని చూసి నవ్వుతారు, తర్వాత తల పట్టుకుంటారు. అందుకే అప్‌డేట్ జరగగానే కంపైలైన స్క్రిప్టులన్నీ పారేస్తాం. అలా చేయకపోతే పాత క్లాస్‌లోడర్ మెమరీలోనే ఉండిపోతుంది.

తీరనిది ఒకటుంది. స్క్రిప్టు అంతులేని లూపులో పడితే, అదే జేవీఎంలో (జావా ప్రోగ్రాములను నడిపే వ్యవస్థలో) ఉన్న ఆ థ్రెడ్‌ను బలవంతంగా, క్షేమంగా ఆపే దారి జావాలో లేదు. యూనిట్ల ఇంజినీర్లు తామే నియమాలు రాసుకుంటామని అడుగుతూనే ఉన్నారు. ఈ ఒక్క కారణంతో అందుకు కావాల్సిన బటన్ ఇప్పటికీ ఇవ్వలేదు.